జూలో తీసిన ఫోటో వెనుక తారీఖు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కైకలూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించీ, డి.ఏ. బకాయిల గురించీ, హెల్తు కార్డుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే చెప్పారు. వాటిమీద నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. కార్యదర్శిగారు నా దగ్గరికి వచ్చి, "మీరు ఆ ఫోటోల సంగతి చెప్పండి. ప్రతి నెలా ఆటపాక వెళ్ళి ఆ పక్షుల్ని ఎందుకు తీస్తున్నారో మన వాళ్ళకు ఒకసారి తెలియాలి" అన్నారు. ఆయన మాటలో కొంత మెచ్చుకోలు, కొంత వేళాకోళం ఉన్నాయి. రెండూ స్వీకరించి ఈ నాలుగు ముక్కలు మనవి చేస్తున్నాను.

నేను 1974లో రెవిన్యూలో గుమాస్తాగా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా బయటపడ్డాను. ముప్ఫైనాలుగేళ్ళు నేను చేసిన పని ఏమిటయ్యా అంటే, వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు వేసి, ఒక తారీఖు వేసి, అది ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో రిజిస్టరులో రాయడం. కాబట్టి నేను ఫోటోల గురించి మాట్లాడినా చివరికి రిజిస్టరు దగ్గరికే వస్తానని ముందుగానే హెచ్చరిస్తున్నాను.

జంతువుల ఫోటో అనగానే మన ఇళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది ఎల్.టి.సి. మీద హైదరాబాదు వెళ్ళడం. చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, మర్నాడు జూ. నెహ్రూ జంతు ప్రదర్శనశాలను మీరాలం చెరువు పక్కన 1963 అక్టోబరు 6న ప్రారంభించారు. దాదాపు మూడువందల ఎనభై ఎకరాలు. అంతకుముందు నగరంలో ఉన్న జంతువులు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి. ఆ తోటను పాతవాళ్ళు బాగేఆమ్ అనేవారు. కొత్త జూలో పులికీ సింహానికీ మనకూ మధ్య చాలాచోట్ల కమ్మీలు ఉండవు. కందకం ఉంటుంది. జంతువు ఆవలి గట్టున, మనం ఈవలి గట్టున. ఫోటో తీసేవాడికి అది పెద్ద వరం.

అప్పట్లో మనలాంటివాళ్ళ చేతిలో ఉన్నది అగ్ఫా క్లిక్ త్రీ. నూటఇరవై రీలు, పన్నెండు బొమ్మలు. దూరం సరిచేసే ఏర్పాటు లేదు. కందకం అవతలి పులిని తీస్తే బొమ్మలో అది పిల్లి అంత పడేది. రీలు ఖర్చు, కడిగించే ఖర్చు, ప్రింట్ల ఖర్చు లెక్కవేసుకుంటే ఒక్కో బొమ్మ తీసేముందు మనిషి రెండుసార్లు ఆలోచించేవాడు. అందుకని జూలో మనం తీసిన ఫోటోలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ముందు వరసలో భార్యాపిల్లలు ఎండకు కళ్ళు చికిలించి నిలబడి ఉంటారు. వెనుక ఎక్కడో గోధుమరంగు చుక్క. అది సింహం. ఆ ఫోటో చూసి నవ్వేవాళ్ళను నేను ఒప్పుకోను. కుటుంబం ఒకేచోట నిలబడిన ఫోటో మనకు ఏడాదికి ఒకటి కూడా ఉండేది కాదు. సింహం సాక్షి సంతకం పెట్టినట్టు వెనుక ఉంది, అంతే.

ఇప్పుడు అందరి చేతిలోనూ ఫోను ఉంది. పన్నెండు కాదు, పన్నెండువందలు తీయవచ్చు. అయినా కమ్మీలూ వలలూ వచ్చినచోట మనవాళ్ళు ఇబ్బంది పడటం చూస్తున్నాను. వల వెనుక ఉన్న జంతువును తీయాలంటే కెమెరా కంటిని వలకు వీలైనంత దగ్గరగా, ఒక గడిలోంచి చూస్తున్నట్టు పెట్టాలి. జంతువు వలకు దూరంగా, వెనక్కి జరిగేదాకా ఆగాలి. అప్పుడు దగ్గరున్న తీగ మసకబారి గాలిలో కలిసిపోతుంది. జంతువు మాత్రం స్పష్టంగా పడుతుంది. తీగ మీద ఎండ పడుతుంటే ఇది సాగదు. తీగ తెల్లగా మెరుస్తుంది. నీడ ఉన్న వైపుకు నడవాలి. అయితే జూవాళ్ళు కట్టిన కటకటాలు దాటి ముందుకు వంగి ఈ పని చేయకూడదు. ఆ కటకటా మన ప్రాణం కోసం పెట్టినది. అది దాటకుండా కుదిరిన బొమ్మే తీయాలి. కుదరకపోతే కళ్ళతో చూసి రావాలి.

వేళ కూడా ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళి, "జంతువులన్నీ పడుకునే ఉన్నాయండీ, డబ్బులు దండగ" అని విసుక్కునేవారు కనబడతారు. ఆ ఎండలో మనం మాత్రం పడుకోమా? గేటు తీసిన గంటలోపల వెళ్ళండి. హైదరాబాదుకైనా విశాఖపట్నానికైనా సోమవారం సెలవని గుర్తుంచుకోండి. విశాఖ జూ 1977 మే 19న ప్రారంభమయింది. ఆరువందల ఇరవైఅయిదు ఎకరాలు. ఒకవైపు కంబాలకొండ, ఒకవైపు సముద్రం. వయసు మీదపడినవారు అంతా తిరగాలని పట్టుపట్టవద్దు. ఒక్క జంతువును ఎన్నుకుని దాని ముందు గంటసేపు కూర్చోండి. ఎలుగుబంటి ఎప్పుడు లేస్తుందో, ఏ దారిన తిరుగుతుందో, ఎక్కడ ఆగి వాసన చూస్తుందో ఆ గంటలో తెలిసిపోతుంది. తిరిగి తిరిగి అది ఆగేచోటికే వస్తుంది. మీరు అక్కడ సిద్ధంగా ఉంటే చాలు. ఆఫీసరుగారి సంతకం కోసం వరండాలో గంటలు నిలబడిన అనుభవం మనందరికీ ఉంది. దాంతో పోలిస్తే ఇది సుఖమైన ఎదురుచూపు.

ఇంకొక మాట. జంతువు మనవైపు చూడాలని రాళ్ళు వేయడం, ఈలలు వేయడం, చప్పట్లు కొట్టడం చూస్తుంటాం. చదువుకున్నవాళ్ళే చేస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో 38-జె అనే సెక్షను చేరింది. జూలో ఏ జంతువునూ ఆటపట్టించకూడదు, బాధించకూడదు, గాయపరచకూడదు, మేత పెట్టకూడదు, చప్పుడు చేసి గానీ మరోవిధంగా గానీ అలజడి కలిగించకూడదు, ఆవరణలో చెత్త వేయకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. మనుమలను తీసుకువెళ్ళే తాతలు ఈ సెక్షను నంబరు గుర్తుంచుకుంటే మంచిది. పిల్లలు తాతకు భయపడకపోయినా సెక్షనుకు భయపడతారు.

ఇక చేపల సంగతి. మన కైకలూరు వాడికి చేపల్ని చూపించడమేమిటని మీరు అనుకోవచ్చు. నిజమే. కానీ మనం చూసే చేప ఎలాంటిది? బొచ్చె గానీ, శీలావతి గానీ, వలలో ఎగిరేటప్పుడు ఒక్క క్షణం, ఆ తరువాత ఐసు మధ్య పెట్టెలో, ఆ తరువాత హౌరా వెళ్ళే లారీలో. చేప తన మానాన తాను ఈదుతుంటే పక్కనుంచి చూసిన కైకలూరువాళ్ళు ఎంతమంది? 2011లో విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ఉన్న మత్స్యదర్శినికి మా ఆవిడను, మనవరాలిని తీసుకువెళ్ళాను. మా ఆవిడ ఒక తొట్టి ముందు చాలాసేపు నిలబడి, "ఐసు లేకపోతే ఇవి ఎంత బాగున్నాయండీ" అన్నది. నేను ఆ మాట అక్కడే చీటీ మీద రాసుకున్నాను.

అద్దం వెనుక ఉన్నదాన్ని తీయడంలో కిటుకు చాలా చిన్నది. ఫ్లాషు వేయకూడదు. వేస్తే ఆ వెలుగు అద్దానికి తగిలి తిరిగి మన మీదికే వస్తుంది. బొమ్మలో తెల్లటి మచ్చ తప్ప చేప ఉండదు. పైగా చేప కంటికి మనలా రెప్ప లేదు. వెలుగు కొట్టినప్పుడు మూసుకునే వీలు లేని కన్ను అది. ఫ్లాషు మానేసి ఫోనును అద్దానికి ఆనించి పట్టుకోవాలి. ఆనిస్తే మన చొక్కా నీడ, వెనుక ట్యూబులైటు అద్దంలో పడవు, చెయ్యీ వణకదు. మన వయసులో రెండోది ఇంకా పెద్ద ప్రయోజనం. తెల్లచొక్కా కాకుండా ముదురురంగు చొక్కా వేసుకువెళితే ప్రతిబింబం మరీ తగ్గుతుంది. పక్కకు ఏటవాలుగా తీయకుండా ఎదురుగా తీయాలి. ఏటవాలుగా చూస్తే నీళ్ళూ అద్దమూ కలిసి చేపను సాగదీసి చూపిస్తాయి. చేప వెంట ఫోను తిప్పుతూ పరుగెత్తకండి. అది తొట్టి చివరికి వెళ్ళి మలుపు తిరుగుతుంది. తిరిగేటప్పుడు అరక్షణం ఆగినట్టవుతుంది. ఆ మలుపు దగ్గర కాపు వేయాలి. అద్దం మీద వేలితో కొట్టడం మాత్రం ఎవరు చేసినా మందలించండి. ఆ చప్పుడు, ఆ అదురు నీళ్ళలో ఉన్నదానికే ఎక్కువ తెలుస్తాయి.

ఇంతవరకూ ఎలా తీయాలో చెప్పాను. ఇది మీ మనుమలు నాకంటే బాగా చెబుతారు. నేను అసలు చెప్పదలచుకున్నది తీసిన తరువాతి సంగతి.

జూ జంతువుల ఫోటోలు ఈనాటివి కావు. మన దేశంలో రాజా దీన్‌దయాళ్ గారు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫరు. నిజాము వేటకు వెళితే ఆ వేట బృందాన్నీ, చంపి పడవేసిన పులుల్నీ ఆయన తీశారు. ఆ రోజుల్లో పులి ఫోటో అంటే చచ్చిన పులి ఫోటోయే. చచ్చినది కదలదు గనక కెమెరాకు సుఖం. బతికి ఉన్నదాన్ని తీయాలంటే జూయే గతి. లండను జూలో ఒబేష్ అనే నీటిగుర్రం ఉండేది. 1850లో నైలునది ప్రాంతం నుంచి తెచ్చారు. దాన్ని చూడటానికి జనం విరగబడ్డారు. 1852లో మోంటిజోన్ ప్రభువు అనే ఆయన దాని ఫోటో తీశాడు. ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. అందులో నీటిగుర్రం కొలను గట్టున హాయిగా పడుకుని ఉంటుంది. దాని వెనుక కమ్మీలు, కమ్మీల వెనుక జనం వరసగా నిలబడి తొంగి చూస్తుంటారు. కెమెరా నీటిగుర్రం వైపున ఉండటం వల్ల బోనులో ఉన్నది జనమేమో అనిపిస్తుంది.

దక్షిణాఫ్రికాలో క్వాగా అని ఒక జంతువు ఉండేది. ముందు సగం చారల గుర్రంలా, వెనుక సగం మామూలు గుర్రంలా. మందలుగా తిరిగే ఆ జంతువును వేటాడి అంతం చేశారు. చివరిది 1883 ఆగస్టు 12న ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. అదే చివరిదని ఆ రోజు అక్కడ ఎవరికీ తెలియదు. ప్రాణంతో ఉన్న క్వాగాను కెమెరాతో తీసినవి ప్రపంచం మొత్తం మీద అయిదే బొమ్మలు మిగిలాయి. అయిదూ లండను జూలో ఉన్న ఒకే ఒక ఆడ జంతువువి. అవి లేకపోతే చర్మంలో గడ్డి కూరి పెట్టిన ఆకారాలు చూసి ఊహించుకోవడమే.

ఇంకొకటి మన గుమాస్తాలు ప్రత్యేకించి వినవలసిన కథ. ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మేనియా దీవిలో థైలసీన్ అనే జంతువు ఉండేది. కుక్క ఆకారం, వీపు మీద పులి చారలు, కంగారూకి ఉన్నట్టు పొట్టకు సంచి. డేవిడ్ ఫ్లే అనే ప్రకృతి శాస్త్రవేత్త 1933లో హోబార్టు జూలో బోనులోకి వెళ్ళి దాన్ని సినిమా తీశాడు. తీస్తుండగా అది వెనుకనుంచి వచ్చి ఆయన్ను పిరుదు మీద కొరికింది. అయినా సినిమా దక్కింది. 1936 సెప్టెంబరులో ఆ జూలో ఉన్న ఆఖరి థైలసీన్ చనిపోయింది. సినిమాలో ఉన్నదే ఆ ఆఖరిదని లోకమంతా అనుకుంటూ వచ్చింది. దాని కళేబరం ఏమైందో ఎనభైఅయిదేళ్ళకు పైగా ఎవరికీ తెలియలేదు.

2022లో తేలింది ఏమిటంటే, ఆఖరిది వేరే జంతువు. ముసలి ఆడది. 1936 మే నెలలో ఒక వేటగాడు జూకి అమ్మాడు. ఉచ్చు వేసి పట్టడం చట్టవిరుద్ధం గనక జూవాళ్ళు ఆ కొనుగోలును బయటకు చెప్పలేదు. చనిపోయాక కళేబరం మ్యూజియానికి చేరింది గానీ అక్కడి జంతువుల జాబితాలో నమోదు కాలేదు. చర్మాన్ని, ఎముకలను పిల్లల పాఠాల సామాను కింద పెట్టుకుని బడులకు తిప్పారు. ఒక జాతిలో ఆఖరి ప్రాణి చర్మం అదని తెలియకుండానే అన్నేళ్ళు బీరువాలో ఉంది. ఆ ఏడాది మ్యూజియంలో పనిచేసిన ఉద్యోగి తాను చేసిన పనుల మీద రాసిన నివేదిక ఒకటి బయటపడింది. అందులో థైలసీన్ పేరు ఉంది. ఆ కాగితం పట్టుకుని వెతికితే అసలు సంగతి దొరికింది. ఎవరో ఒక చిన్న ఉద్యోగి తన పని తాను చేసి, చేసినట్టు రాసిపెట్టాడు. మన డిపార్టుమెంటు అయితే ఆయనకు ఇంక్రిమెంటు ఇచ్చేవారో లేదో గానీ, నేను మాత్రం లేచి నిలబడి నమస్కారం చేస్తాను.

ఇది ఎక్కడో టాస్మేనియా కథ అని తోసివేయకండి. మా ఇంట్లోనే జరిగింది చెబుతాను. 1986 జనవరిలో మేము ఎల్.టి.సి. మీద హైదరాబాదు వెళ్ళాము. జూలో నాలుగు బొమ్మలు తీశాను. ఫోటోలు ప్రింటు అయి వచ్చాక వాటి వెనుక రాసే పని మా ఆవిడది. పెన్సిలుతోనే రాసేది. "పెన్నుతో గట్టిగా రాస్తే అక్షరాలు ముందు వైపుకు పొడుచుకువస్తాయండీ" అనేది. ఆ సంగతి తనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, కానీ మాట నిజం.

2021 జూన్ 8న నెహ్రూ జూలో రాణి అనే ఏనుగు చనిపోయిందని పేపర్లో చదివాను. ఎనభైరెండేళ్ళు దాటిన ఏనుగు. మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపులోనూ, బోనాలలోనూ నడిచిన ఏనుగు. 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి కొత్త జూకి వచ్చిన పాతకాపు. ఎందుకో అనుమానం వచ్చి ట్రంకుపెట్టె తీశాను. ఏనుగు ముందు మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. వెనక్కి తిప్పితే, "18–1–86, శనివారం. హైదరాబాదు జూ. ఏనుగు పేరు రాణి. మావటివాణ్ణి అడిగాను. చిన్నవాడు నా కుచ్చెళ్ళు వదల్లేదు." మా ఆవిడ 2016లో పోయింది. ఆ నాలుగు ముక్కలు చదువుతుంటే ఆ రోజు ఎండ, చిన్నవాడి ఏడుపు, ఆవిడ కొంగు సర్దుకుంటూ మావటివాడితో మాట్లాడటం అన్నీ వచ్చి నిలబడ్డాయి. ఫోటో ముందు వైపు చూస్తే నాకు అవి రాలేదు. మా చిన్నవాడు ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. వాడికి ఫోటో రెండు వైపులా తీసి పంపాను. ఆ రాత్రి ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు.

అదే రోజు తీసిన ఇంకో ఫోటోలో పెద్ద తాబేలు ఉంది. 2024 మార్చి 16న ఆ జూలో నూటపాతికేళ్ళ గాలపాగోస్ తాబేలు, పేరు చాణక్య, చనిపోయినప్పుడు ఆ బొమ్మ కూడా తీసి చూశాను. వెనుక "పెద్ద తాబేలు" అని మాత్రమే ఉంది. ఆ జాతిది జూలో అదొక్కటే కాదు. కాపలా మనిషి ఎవరూ దగ్గర లేరు కాబోలు, పేరు అడగటానికి కుదరలేదు. కాబట్టి మా ఇంట్లో ఉన్నది చాణక్య ఫోటో అని నేను ఎవరికీ చెప్పను. రాణిది మాత్రం ఉన్నదని ఎవరైనా అడిగితే రుజువుతో చూపిస్తాను. ఒకే రీలు, ఒకే రోజు, ఒకే కెమెరా. రెండు ఫోటోల మధ్య తేడా వెనుక ఉన్న ఒక్క పేరు.

ఇప్పుడు ఆటపాకకు వస్తాను. ఇక్కడికి కూతవేటు దూరం. బోనులు లేని జూ మనకు గుమ్మంలోనే ఉంది. పడవ ఎక్కితే కదలకుండా కూర్చోవలసింది మనం, ఇష్టం వచ్చినట్టు తిరిగేది అవి. గూడబాతు అనే పేరు ఈ తరం పిల్లలకు తెలియదు. పెలికాన్ అంటేనే తెలుస్తుంది. పొలంలోకి గూడ వేసి నీళ్ళు తోడినట్టు ముక్కు కింది సంచితో నీళ్ళూ చేపలూ కలిపి తోడుతుంది గనక ఆ పేరని మా నాన్నగారు చెప్పేవారు. దాని పై ముక్కు మీద వరసగా మచ్చలుంటాయి. దూరంనుంచి కనపడవు. మంచి ఫోటో తీస్తే కనపడతాయి. పిల్ల తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి తింటుంది. మొదటిసారి చూసినవాళ్ళు తల్లి పిల్లను మింగేస్తోందని కేకలు పెడతారు. గుడ్డు పిల్ల కావడానికి నెలరోజులు, పిల్ల ఎగిరిపోవడానికి మూడునుంచి అయిదు నెలలు. శీతాకాలమంతా ఎండిన చెట్లమీద, అటవీశాఖవారు నీళ్ళలో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకుని ఉంటాయి. పక్కన ఎర్రకాళ్ళ కొంగలు.

ఇవి ఎప్పుడూ ఇలాగే ఉన్నాయనుకుంటే పొరపాటు. 1946లో కె.కె. నీలకంఠన్ గారనే పక్షి శాస్త్రవేత్త మన కొల్లేరు ప్రాంతంలో గూడబాతులు గూళ్ళు కట్టే స్థావరాన్ని కనుగొన్నారు. ఆయన మలయాళీ. అప్పుడు దాదాపు మూడువేల పక్షులు అక్కడ గూళ్ళు పెట్టేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం లేకుండా పోయింది. మూడువేల పక్షులు! ఒక్కోటి నాలుగునుంచి ఆరు కిలోలు తూగేది. మన తాతలు, తండ్రులు వాటికింద నడిచారు. పెళ్ళి ఫోటోలు తీయించుకున్నారు, గ్రూపు ఫోటోలు తీయించుకున్నారు. వాటి ఫోటో ఒక్కటైనా మన ఇళ్ళలో ఉందా? నేను కొన్నేళ్ళుగా అడుగుతున్నాను. ఇంతవరకూ ఒక్కరూ తెచ్చి చూపించలేదు. ఆ శాస్త్రవేత్త వచ్చి, చూసి, లెక్కవేసి, తారీఖు వేసి రాయబట్టి ఆ మాత్రమైనా తెలిసింది.

ఆ తరువాతి కథ మీకందరికీ తెలుసు. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చెరువుల గట్లు కొట్టించారు. దానివల్ల నష్టపోయినవారు, లాభపడినవారు ఇద్దరూ ఈ సభలో ఉన్నారు. ఆ తగువులోకి నేను దిగను. ఎవరి వాదన ఏదైనా, పక్షులు ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు పోయాయి అన్నదానికి కాగితం ఉండాలి కదా.

అందుకే రిటైరయినప్పటినుంచి నెలకొకసారి, పెన్షను పడిన తరువాతి ఆదివారం, ఒకేచోట నిలబడి ఒకేవైపు ఫోటో తీస్తున్నాను. మొదట మా పెద్దవాడు కొనిచ్చిన డిజిటల్ కెమెరాతో, ఇప్పుడు ఫోనుతో. అందమైన బొమ్మలు కావు. చాలావాటిలో ఎండిన చెట్లు, నీళ్ళు, తెల్ల చుక్కలు. కానీ ఏ ఏడాది ఏ నెలలో నీరు ఎంత ఉందో, ఏ చెట్టు ఎప్పుడు పడిపోయిందో, మొదటి గూడు ఎప్పుడు కనపడిందో పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మనం ఏటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. బతికే ఉన్నామని మనిషి ఎదురుగా నిలబడినా కాగితం కావాలంటారు. గూడబాతులకూ అటువంటిదొకటి నేను తయారుచేస్తున్నాను.

పడవలో వెళ్ళేవారికి ఒక మనవి. గూళ్ళ దగ్గరికి పోనివ్వమని పడవవాణ్ణి ఒత్తిడి చేయకండి. పది రూపాయలు ఎక్కువిస్తామని ఆశ పెట్టకండి. తల్లి లేచిపోతే గుడ్డు కాకి పాలు, పిల్ల ఎండ పాలు. ఇటువంటి దూరానికి ఫోనులో వేళ్ళతో పెద్దది చేసి తీసిన బొమ్మ ముద్దముద్దగా వస్తుంది. దానికన్నా చెట్టు, గూళ్ళు, నీళ్ళు అన్నీ పడేట్టు మామూలుగా తీస్తే బాగుంటుంది, లెక్కకూ పనికొస్తుంది.

ఇక ఇంట్లో చేయవలసిన పని. ఫోనులో తీసిన బొమ్మకు తారీఖు, వేళ లోపలే నమోదవుతాయి. బాగానే ఉంది. కానీ వాట్సాప్‌లో ఇంకొకరికి పంపితే ఆ వివరాలు ఊడిపోతాయి. చేరేది బొమ్మ ఒక్కటే. గుడ్‌మార్నింగ్‌లతోపాటు వచ్చిన పక్షి బొమ్మ ఆటపాకదో ఆఫ్రికాదో చెప్పేవాడుండడు. అందుకని పంపేటప్పుడు కిందనే ఊరు, తారీఖు, జంతువు పేరు టైపు చేయండి. చేతకాకపోతే మనవణ్ణి అడగండి. పాత ప్రింట్ల వెనుక మెత్తటి పెన్సిలుతో తేలికగా రాయండి. నున్నటి కలరు ప్రింట్ల మీద పెన్సిలు అంటదు. వాటిని కాగితపు కవర్లో పెట్టి కవరు మీద ముందే రాసి ఉంచండి. నెగెటివులు పారేయకండి. ప్రింటు వెలిసిపోయినా నెగెటివు చాలాసార్లు నిలబడుతుంది.

ట్రంకుపెట్టెను మంచం కింద నేల మీద పెట్టే అలవాటు మనది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకు చేరినప్పుడు లంక గ్రామాల సంగతి చూశాం. నీళ్ళొస్తే బియ్యం బస్తా ఎత్తుతాం, టీవీ ఎత్తుతాం, ఫోటోల పెట్టె గుర్తుకురాదు. దాన్ని అటక మీద పెట్టండి. ఒకవేళ తడిస్తే, ఒకదానికొకటి అంటుకున్న ఫోటోలను ఎండబెట్టాక ఊడదీయవద్దు, పొర చిరిగిపోతుంది. ఎండకముందే శుభ్రమైన చల్లటి నీళ్ళలో నాననిచ్చి, నెమ్మదిగా విడదీసి, నీడలో తీగకు క్లిప్పుతో వేలాడదీయాలి.

మీ ఇళ్ళలో జూ ఫోటోలు, సర్కసు ఫోటోలు, కొల్లేరు పక్షులు అనుకోకుండా వెనుక పడిన పెళ్ళి ఫోటోలు, పడవ ఫోటోలు ఏవున్నా జనవరి మొదటి ఆదివారం సంఘ కార్యాలయానికి తీసుకురండి. మేము ఫోనుతో రెండు వైపులా కాపీ తీసుకుని, ఒరిజినల్ మీ చేతిలోనే పెడతాము. ఏదీ ఉంచుకోము. ఒక రిజిస్టరు తెరిచాను. వరుస సంఖ్య, ఎవరు తెచ్చారు, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు, అందులో ఉన్నదేమిటి, చెప్పినవారెవరు అని ఆరు గడులు గీశాను. తారీఖు గుర్తులేకపోతే "పెద్దమ్మాయి పెళ్ళికి ముందు ఏడాది" అని చెప్పినా చాలు, అదే రాస్తాను. ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్ళను వెంట తీసుకురండి. తారీఖులు వాళ్ళకే గుర్తుంటాయి.

మొదటి నంబరు కింద రాణి ఫోటో ఎక్కించాను. రెండో గడి ఖాళీగా ఉంది.

భోజనాలు సిద్ధమయ్యాయని వెనుకనుంచి సైగ చేస్తున్నారు.